కెమెరాకొక పాలు

విడవలూరులో హెబ్రోను స్టూడియోకి వెళ్ళి పెళ్ళి వీడియో ఏమైందని అడిగితే, ముందు కుర్చీ వేసేవాడు, టీ తెప్పించేవాడు, ఆ తర్వాత నిర్మాత లేకుండా సినిమా ఎలా తీయొచ్చో చెప్పడం మొదలుపెట్టేవాడు. అడగొచ్చినవాళ్ళు వీడియో సంగతి మర్చిపోయి ఇంటికెళ్ళేవాళ్ళు.

పదేళ్ళపాటు పెళ్ళిళ్ళూ బాప్తిస్మాలూ తీసినవాడికి, తన సముద్రం మీద ఒక సినిమా తీయాలని బుద్ధి పుట్టడంలో తప్పేం లేదు. డబ్బున్నవాడి కాళ్ళు పట్టుకోకుండా తీయాలనుకున్నాడే, అక్కడే వచ్చింది చిక్కంతా. హైదరాబాదులో చిన్న సినిమాల వాళ్ళు ఎక్కడ సభ పెట్టినా బస్సెక్కి పోయేవాడు. సొంతంగా సినిమా తీసి చేతులు కాల్చుకున్నవాళ్ళ నంబర్లు సంపాదించి, ఎక్కడ కాలిందో విడమర్చి అడిగేవాడు. ఇంటర్నెట్లో చందాలెత్తినవాళ్ళు, టికెట్లు ముందే అమ్ముకున్నవాళ్ళు, పొలం తాకట్టు పెట్టినవాళ్ళు, అందరి కథా ఒక్కచోటికే వచ్చేది. పెట్టుబడి పెట్టినవాడు ముందు తీసుకుంటాడు, ఒళ్ళు వంచినవాడికి చివర్న మిగిలితే మిగులుతుంది. హెబ్రోను భార్య జయశీల కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే, ముందు జనాల ఆల్బములు ఇచ్చేసి ఆ తర్వాత సినిమా లోకాన్ని బాగుచెయ్యమనేది.

జవాబు చివరికి పక్కనే ఉన్న జాలర్ల ఊరు పల్లెపాలెం ఇసకలో దొరికింది. ఒకరోజు పొద్దున పోలేరయ్య పడవ ఒడ్డుకొచ్చింది. చేపల్ని అక్కడే వేలం పాట పెట్టి అమ్మారు. వచ్చిన డబ్బు అందరి కళ్ళముందూ పంచుకున్నారు. పడవకొక పాలు, వలకొక పాలు, వేటకెళ్ళిన మనిషికొక పాలు. ఏమీ పడని రోజున ఎవరికీ ఏమీ ఉండదు, ఎవరూ ఎవర్నీ అడగరు. ఇన్నేళ్ళూ బస్సులెక్కి వెతికింది కాళ్ళకిందే ఉందన్న సంబరంలో హెబ్రోనుకి ఆకలి కూడా తెలియలేదు ఆ పూట.

సినిమాని కూడా వేటలాగే తీద్దామన్నాడు. కెమెరాకొక పాలు, పడవకొక పాలు, నటించినవాళ్ళకీ దీపాలు పట్టినవాళ్ళకీ అన్నం వండినవాళ్ళకీ తలా ఒక పాలు. అంతా సముద్రం కట్టుబాటు ప్రకారమే అని మాటిచ్చాడు. పల్లెపాలెం వాళ్ళకి ఇంకేమీ వివరించాల్సిన పని లేకపోయింది. యాభై దాటిన పోలేరయ్య పెద్ద వేషం వేశాడు. ఆయన భార్య శేషమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది.

ఆఖరి సీను కోసం తుఫాను గాలిలో పోలేరయ్య పడవ దింపారు. వద్దని హెబ్రోను అన్నాడు. పోలేరయ్యే వినలేదు. పడవ ఒక పెద్ద అల మీదికెక్కి, దిగేటప్పుడు ఇసకమేటకి తగిలి అడుగు రెండుగా చీలింది. మనుషులు ఈదుకుంటూ బయటపడ్డారు, అదంతా ఒడ్డు మీది కెమెరాలో పడింది. సినిమా అమ్మగానే ముందు పోలేరయ్యకి కొత్త పడవ, మిగతా పాళ్ళు ఆ తర్వాతేనని అందరూ ఒప్పుకున్నారు. ఒడ్డు మీద పడవ లేని మనిషి అంటే అక్కడ ఇల్లు లేని మనిషి కిందే లెక్క.

సినిమా బాగా వచ్చింది. హైదరాబాదులో ఒక కంపెనీ తరఫున హరినాథ్ అనే ఆయన చూసి, కొంటామని చెప్పాడు. కాగితాలు వచ్చేలోపు పాలు ఉన్నవాళ్ళందరికీ చూపించడం ధర్మం గదా అని, హెబ్రోను ఒడ్డున తెర కట్టి సినిమా వేశాడు. జనం ఏడ్చారు, ఈలలేశారు. అయిపోయాక శేషమ్మ లేచి, సినిమా ఇందులో వెయ్యమని ఫోను చాపింది.

"కూర చేపలు ఈకుండా పాట పెడతారా అబ్బయా యాడన్నా?"

అందరూ నవ్వారు. వాళ్ళ పద్ధతి అదే. చేపలు పాటకి పోకముందే, వేటకెళ్ళిన ప్రతివాడూ ఇంట్లో కూరకని నాలుగు చేపలు తీసుకుంటాడు. వాటికి లెక్కలేదు, అడ్డం చెప్పేవాడూ లేడు. జయశీల వెనకనుంచి మొగుడి చొక్కా పట్టుకుని లాగింది. హెబ్రోను ఆలోచించాడు. కట్టుబాటంటూ ఊరంతా చాటినవాడు ఈ ఒక్కటీ కాదని ఎలా అంటాడు? ఎవరికీ పంపొద్దని మాత్రం చెప్పి, తలా ఒక ఫోనులో సినిమా వేసి ఇచ్చాడు.

కూర చేపలు ఎవరన్నా దాచుకుని తింటారా? పక్కింటికి నాలుగు పెట్టాలి, ఆడబిడ్డకి నాలుగు పంపాలి. వారం తిరక్కుండానే సినిమా తీరం పొడుగూతా పోయింది. నెల్లూరు బస్సులో ఎవరో చూస్తుంటే హెబ్రోను తన సినిమా మాటలు తనే విని, మధ్యలో దిగిపోయాడు. ఆ వారమే హరినాథ్ ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచలేదు. తమ కారు డ్రైవరు ఫోన్లో కూడా ఉన్న సినిమాని కొనలేమండీ అన్నాడు. ఇంకెవరూ కొనలేదు.

పల్లెపాలెంలో ఒక్కరూ హెబ్రోనుని నిలదీయలేదు. వేట పడలేదు, అంతే. తిట్టినా బాగుండేదనిపించింది. వాళ్ళు అడక్కపోవడమే అతన్ని లోపల్నుంచి తినేసింది. కెమెరా అమ్మి డబ్బు పట్టుకెళ్తే, అది పడవ ఇంజనుకి కూడా చాలదని పోలేరయ్య వెనక్కిచ్చేశాడు. తర్వాత కొన్నాళ్ళకి ఆయన రొయ్యల గుంటల దగ్గర కూలికి కుదిరాడు.

ఒక మధ్యాహ్నం హెబ్రోను అక్కడికెళ్ళాడు. పోలేరయ్య రేకుల షెడ్డులో మేత బస్తాకి ఆనుకుని ఫోను చూస్తున్నాడు. సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. తెరమీద పడవ అల ఎక్కుతోంది. సరిగ్గా అల కొసన ఉండగా వేలు పెట్టి ఆపాడు.

"ఎన్నిసార్లు చూసినావు పెద్దాయనా?"

"మొత్తం యాడ చూసినా అబ్బయా. ఈడికొచ్చాక ఆపేసి, మళ్ళా మొదట్నించి పెట్టుకుంటా. ఇంతవరకూ నా పడవ బాగనే ఉండాది గదా."

గుంట అవతల్నుంచి మేస్త్రీ కేకేశాడు. పోలేరయ్య ఫోను జేబులో వేసుకుని, మేత బస్తా భుజానికెత్తుకుని గట్టు మీద నడిచిపోయాడు.