‘వాళ్ళ’కు పడిన ఓటు

సన్నీవేల్‌లో నేను ఏడేళ్ళు అద్దెకున్న ఇల్లు ఒక బాస్క్ పెద్దాయనది. ఇల్లంటే ఇల్లు కాదు. ఆయన పెరట్లో ఒకప్పుడు గడ్డి కోసే మిషన్లు పెట్టుకున్న షెడ్డుకు స్నానాల గది, రెండు పొయ్యిల స్టవ్వు చేర్చి గదిలా మార్చారు. ఆఫీసుకు సైకిల్ మీద పన్నెండు నిమిషాలు. ఒంటరి ఆడపిల్లనని మా అమ్మ భయపడింది కానీ, ఇంటాయనకు ఎనభై దాటాయని తెలిశాక ఊరుకుంది.

ఆయన పదిహేడో ఏట గొర్రెలు కాయడానికి కాంట్రాక్టు మీద స్పెయిన్ ఉత్తరపు కొండల నుంచి నెవాడా కొండలకు వచ్చారు. అక్కడి నుంచి కాలిఫోర్నియా చేరి తోటపని చేశారు. నేను పనిచేసే ఆఫీసు ముందున్న పచ్చిక ముప్పై ఏళ్ళ పాటు కోసింది ఆయనే. నేను గది చూసుకోవడానికి వెళ్ళిన రోజు అడిగారు.

“నువ్వు కూడా కాంట్రాక్టు మీద వచ్చావా?”

“అవునండీ. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పులు వెతకడం.”

“దొరుకుతాయా?”

“కొన్ని దొరుకుతాయి. కొన్ని తప్పించుకుపోతాయి.”

“నా గొర్రెలూ అంతే,” అని తాళంచెవి చేతిలో పెట్టారు.

ఆ పెద్దింట్లో ఆయనతో పాటు ఆయన చెల్లెలు ఉండేది. డెబ్బై అయిదేళ్ళ మనిషి. భర్త పోయాక అన్న దగ్గరికి వచ్చేసింది. ఆవిడ జీవితమంతా బాస్క్ ఊళ్ళోనే గడిచింది, నాతో మాత్రం ఇక్కడికొచ్చాక నేర్చుకున్న ఇంగ్లీషులో మాట్లాడేది. ఇద్దరూ తమ భాషలోనే మాట్లాడుకునేవారు, అంటే ఎక్కువగా ఆ భాషలోనే పోట్లాడుకునేవారు. స్పానిష్‌కు గానీ ఫ్రెంచ్‌కు గానీ ఏ చుట్టరికమూ లేని భాష అది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా కిటికీలోంచి వినిపించే గొంతుల తీరును బట్టి ఆ రోజు తగాదా పులుసులో ఉప్పు గురించో రాజకీయం గురించో చెప్పగలిగేదాన్ని. ఉప్పు గురించి అయితే పది నిమిషాల్లో చల్లారేది.

రాజకీయం సంగతి ఇది. బాస్క్ ప్రాంతంలో తమ జాతి, తమ నేల అనే పార్టీలు రెండు రకాలు. ఒకటి పాతది, సర్దుకుపోయే రకం. చర్చికి వెళ్ళేవాళ్ళు, వ్యాపారస్థులు దానికి ఓటేస్తారు, దశాబ్దాలుగా అక్కడ పాలిస్తున్నది అదే. రెండోది వామపక్షం, పూర్తి స్వాతంత్ర్యం కావాలనేది. ఒకప్పుడు దాని పక్కనే తుపాకులు పట్టిన గుంపు ఒకటి ఉండేది. ఆ గుంపు ఆయుధాలు వదిలేస్తున్న రోజుల్లో ఆ పక్షమూ, మరికొన్ని చిన్న పార్టీలూ కలిసి ఒక కూటమి కట్టాయి. అన్నగారు పాత పార్టీ. చెల్లెలు కూటమి.

కూటమి అనే మాట చెవిన పడగానే తెలుగువాళ్ళకు సీట్ల సర్దుబాటు, అలకలు, నామినేషన్ల ఆఖరి రోజున రెబల్ అభ్యర్థులు గుర్తొస్తారు. నేను ఆవిడతో అదే అన్నాను. “మా దగ్గర ఇలాంటివి ఒక ఎన్నిక దాటితే గొప్ప. మీదెలా నిలబడింది?”

“అలిసిపోయి,” అందావిడ. “అందరం అలిసిపోయాం. అలిసినవాళ్ళకు విడిపోయే ఓపిక ఉండదు.”

ఆవిడ ఇంకో మాట అడిగింది. “మీరు పోరాడి ప్రత్యేక రాష్ట్రం తెచ్చుకున్నారటగా? తర్వాత ఏమైంది?”

మాది ఖమ్మం. హైదరాబాద్ వాళ్ళకు నేను ఆంధ్రా అమ్మాయిని, విజయవాడ వాళ్ళకు తెలంగాణ అమ్మాయిని. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకంటే తగినవాళ్ళు ఉండరు. “అప్పట్నుంచి ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది రెండు చోట్ల జరుగుతోందండీ,” అన్నాను.

“ఏది బాగుంటుంది?”

“రెండూ ఒకటే. వంట చేసి పంపేది ఒకాయనే.”

ఆవిడ అన్నకు ఆ మాట వాళ్ళ భాషలో చెప్పింది. ఆయన నవ్వలేదు. “అందుకే పాత పార్టీ చాలు,” అన్నారు.

ఆయన కూటమి పేరు నోటితో పలికేవారు కాదు. ‘వాళ్ళు’ అనేవారు. “వాళ్ళు ఈసారి మంచి చొక్కాలు వేసుకున్నారు,” “వాళ్ళు ఇప్పుడు బస్సుల గురించి మాట్లాడుతున్నారు,” ఇలా. మొదట్లో నాకది ముసలితనపు మొండితనంలాగే తోచింది. ఒకరోజు నిమ్మచెట్టు కొమ్మలు కత్తిరిస్తూ తన బడి స్నేహితుడి గురించి చెప్పారు. ఆ స్నేహితుడు ఊళ్ళో కౌన్సిలర్‌గా ఉండేవాడట. తుపాకుల గుంపు బెదిరించాక పదకొండేళ్ళు రోజూ పొద్దున్నే మోకాళ్ళ మీద వంగి, కారు కింద బాంబు ఉందేమోనని చూసుకుని గానీ తాళం తిప్పలేదట. “వాడిని చంపలేదు. మోకాళ్ళు మాత్రం అరిగిపోయాయి,” అన్నారు. “అప్పుడు వీధిలో తల తిప్పుకుపోయిన వాళ్ళే ఇప్పుడు చొక్కాలు మార్చుకుని వచ్చారు.”

ఆ వారంలోనే చెల్లెలు బీన్స్ గింజలు ఒలుస్తూ మరో సంగతి చెప్పింది. వాళ్ళ పెద్దన్న కొడుకు, ఆ గుంపుతో సంబంధం ఉందన్న కేసులో జైలుకు వెళితే, ఊరికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో దక్షిణాన వేశారట. వదినగారు తొమ్మిదేళ్ళు నెలకోసారి బస్సెక్కి వెళ్ళి, నలభై నిమిషాలు అద్దం అవతలి నుంచి చూసి వచ్చేదట. “మా అన్నయ్యకు ఆ బస్సు సంగతి తెలియదు. ఆయన ఇక్కడ గడ్డి కోసుకుంటున్నాడు,” అంది.

ఇద్దరూ చెప్పింది నిజమే. ఆ ఇంట్లో పదేళ్ళుగా ఒకే బల్ల మీద భోజనం చేస్తూ ఒకరి నిజం ఒకరు ఒప్పుకోకుండా ఉండటం వాళ్ళకు బాగా అలవాటైంది. మధ్యలో రొట్టె అందించడం నా పని.

బాస్క్ ప్రాంతపు అసెంబ్లీకి ఎన్నికలొచ్చాయి. విదేశాల్లో ఉన్న ఓటర్లకు స్పెయిన్ నుంచి లావుపాటి కవర్లు వచ్చాయి. వాళ్ళ పద్ధతి మనకు కొత్త. ఒక్కో పార్టీకి ఒక్కో కాగితం, మీద అభ్యర్థుల పేర్లు వరసగా ఉంటాయి. పార్టీకి ఎన్ని సీట్లు వస్తే పై నుంచి అన్ని పేర్లు గెలిచినట్టు. నచ్చిన పార్టీ కాగితాన్ని చిన్న కవరులో పెట్టి అంటించాలి, మిగతావి పారేయాలి. దానికి తోడు పాస్‌పోర్ట్ కాపీలు, సంతకాలు. ఇద్దరికీ చూపు ఆనదు. ఇంట్లో ఉన్న ఏకైక ఇంజనీర్‌ని నేనే కాబట్టి ఎన్నికల అధికారిగా నియమితురాలినయ్యాను.

అమ్మకు ఫోన్లో చెప్తే కంగారుపడింది. “వాళ్ళ ఓట్ల సంగతి నీకెందుకే? రేపేమన్నా అయితే నీ వీసా ఉంటదా?”

“నేను కాపీలు తీసి ఇచ్చానంతే అమ్మా.”

“కాపీలు తీసినోళ్ళనే ముందు పట్టుకుంటరు.”

ఈసారి కూటమి జాబితాలో వాళ్ళ పెద్దన్న మనవరాలి పేరుంది. ముప్పై దాటని బడి టీచర్. పేరు జాబితాలో ఎంత కిందుందంటే, కూటమి ఎంత ఊపు మీదున్నా గెలుపు ఆమె దాకా రాదు. చెల్లెలు ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కు అంటించబోతే అన్నగారు ఒప్పుకోలేదు.

ఓ ఆదివారం ఆ అమ్మాయి వీడియో కాల్ చేసింది. చెల్లెలు మాట్లాడాక, “చిన్నతాతతో పని ఉందట,” అని ఫోన్ అన్నగారి చేతిలో పెట్టేసింది. ఆయన ముఖం ముడుచుకుని కూర్చున్నారు. ఆ అమ్మాయి ఓటు అడుగుతుందని అందరం అనుకున్నాం. అడగలేదు. తన క్లాసు పిల్లలకు పాత వ్యవసాయపు మాటలు నేర్పుతోందట. ఎద్దుల కాడికి కట్టే తోలుపట్టీని ఏమంటారు, గొర్రె మెడలో గంట నాలుకను ఏమంటారు అని అడిగింది. అక్కడ ఆ మాటలు ఎరిగినవాళ్ళు పోయారట. ఆయన ఒక మాట చెప్పారు. తర్వాత ఇంకోటి. తర్వాత లేచి, షెడ్డులో ఉండాల్సిన గంట కోసం నా గదిలోకి వచ్చి, నా మంచం కింద అట్టపెట్టెలన్నీ బయటికి లాగారు. గంట దొరికింది. దాన్ని ఫోన్ ముందు ఊపి చూపించారు. గంటన్నర సేపు నడిచింది ఆ పాఠం. రాజకీయం మాట ఒక్కటీ రాలేదని చెల్లెలు తర్వాత కాస్త నిరాశగా చెప్పింది.

మర్నాడు పొద్దున నేను సైకిల్ తీస్తుంటే ఆయన తన కవరు పట్టుకుని పెరట్లోకి వచ్చారు.

“ఆ కాగితం వెతికిపెట్టు.”

“ఏ కాగితం అండీ?”

ఆయన ఇంటివైపు చూసి గొంతు తగ్గించారు. “వాళ్ళది.”

నేను కాగితాలు తిప్పుతూ ఆయన ముఖంలోకి చూశాను. “చూడక్కర్లేదు,” అన్నారు. “నేను మారలేదు. వాళ్ళు చేసినవన్నీ నాకు గుర్తున్నాయి. నేను వేసేది ఆ కింద ఉన్న పేరుకే.”

“కాగితమంతా ఒకటే అండీ. పైన ఉన్నవాళ్ళకు కూడా పడుతుంది.”

“పడనీ. అది నా తప్పు కాదు,” అని కవరు అంటించుకున్నారు. “మా చెల్లెలికి చెప్పావంటే అద్దె పెంచుతాను.”

శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి ఇద్దరినీ ఆయన కారులోనే శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్పెయిన్ కాన్సులేట్‌కు డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్ళాను. పోస్టులో పంపొచ్చు గానీ, పెట్టెలో తమ చేత్తో వేస్తేనే ఓటు అని ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చారు. నాకు గుర్తున్నంతలో వాళ్ళు ఏకీభవించిన మొదటి విషయం అది. కారులో ఆయన ముందు, ఆవిడ వెనక కూర్చున్నారు. కవర్లు కోటు లోపల, ఎగ్జామ్ పేపర్లు దాచుకున్న పిల్లల్లాగా. దారంతా ఆవిడ, నాకూ అర్థం కావాలని ఇంగ్లీషులో, పాత పార్టీని తిట్టింది. ఆయన దానికి అండగా నిలబడి, ఆస్పత్రుల నుంచి రోడ్ల దాకా ఒక్కొక్కటీ లెక్కపెట్టి మరీ వాదించారు. కోటు జేబులో ఏముందో తెలిసిన నాకు ఆ వాదన వింటుంటే ఎగ్జిట్ ఒకటి తప్పిపోయింది.

కాన్సులేట్‌లో వాళ్ళు లోపలికి వెళ్ళాక బయట కుర్చీలో కూర్చున్నాను. “మీరు కూడా ఓటు వేయడానికేనా?” అని ఒకావిడ మర్యాదగా అడిగింది. కాదన్నాను. అమెరికాలో నాకు ఓటు లేదు. ఖమ్మంలో ఉంది గానీ అక్కడికి వెళితేనే వేయాలి. పక్కవాళ్ళ ఓట్లు వేయించడంలో మాత్రం నేను అప్పటికి అనుభవజ్ఞురాలిని.

రెండు రోజుల తర్వాత చెల్లెలు నా తలుపు తట్టింది. చేతిలో నలిగిన కాగితం. రీసైక్లింగ్ డబ్బాలో, పిజ్జా పెట్టె కింద దొరికిందట. పాత పార్టీ బ్యాలెట్ అది.

“నాది నేను పొయ్యిలో కాల్చేశాను,” అంది. “ఇది ఆయనది.”

ఆవిడ మంచం మీద కూర్చుంది. సంతోషిస్తుందనుకున్నాను. కళ్ళు తుడుచుకుంది. “వదిన ఉంటే చెప్పేదాన్ని,” అంది. కాసేపటికి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నాకిచ్చింది. “దీన్ని మీ ఆఫీసులో ముక్కలు చేసే మిషన్ ఉంటుందిగా, అందులో వెయ్యి. నాకు తెలిసిందని తెలిస్తే, వచ్చేసారి పంతానికి మళ్ళీ పాత పార్టీకే వేస్తాడు.”

అలా ఒక బాస్క్ పార్టీ బ్యాలెట్ సన్నీవేల్‌లోని ఒక ఆఫీసు ష్రెడర్‌లో ముక్కలైంది. దాన్ని వేసింది ఒక ఖమ్మం మనిషి. అమ్మకు ఈ సంగతి చెప్పలేదు.

ఎన్నికల ఆదివారం అక్కడ రాత్రి ఎనిమిదికి పోలింగ్ ముగిసేసరికి కాలిఫోర్నియాలో పొద్దున పదకొండు. ఆవిడ ఎండు చేపతో కూర వండింది. నేను ల్యాప్‌టాప్ తెరిచి లెక్కింపు పేజీ పెట్టాను. అంకెలు మారుతుంటే ఆయన ప్రతి అయిదు నిమిషాలకూ “మనం ముందున్నామా?” అని అడిగారు. ‘మనం’ అంటే ఎవరో నేను అడగలేదు. ఒంటిగంట దాటాక చూస్తే కూటమికీ పాత పార్టీకీ సీట్లు సరిసమానం. ఎక్కడో అంచున మొదలైన కూటమి పాలకులతో భుజం కలిపి నిలబడింది. పెద్దన్న మనవరాలు మాత్రం ఎక్కడున్నదో అక్కడే ఉండిపోయింది.

ఆవిడ వైన్ తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుని, “ఓట్లలో మావాళ్ళే కాస్త పైన,” అన్నారు.

“మీవాళ్ళా?” అందావిడ, ముఖంలో ఏమీ కనపడనీయకుండా.

“మావాళ్ళే. ఇంకెవరు?”

“అయినా మన ఓట్లు ఇంకా లెక్కపెట్టలేదు,” అన్నాను నేను. విదేశాల ఓట్లు కొన్ని రోజుల తర్వాత విప్పుతారు. ఇద్దరూ ఒక్కసారే తినడం ఆపారు. ఆ కొన్ని రోజులూ ఆ ఇంట్లో పులుసులో ఉప్పు గురించి కూడా తగాదా రాలేదు. సమానంగా ఉన్న తక్కెడను తామే ఒక పక్కకు వంచబోతున్నామని ఇద్దరూ నమ్మారు. ఆవిడ ఆశతో, ఆయన భయంతో. ఆ ఓట్లూ విప్పారు. ఏమీ మారలేదు.

తర్వాత పాత పార్టీ మరో పార్టీతో చేయి కలిపి మళ్ళీ తానే ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఆయన ఊపిరి పీల్చుకున్నారు. జీవితంలో మొదటిసారి వేసిన తప్పుడు ఓటు వల్ల ఏ ప్రమాదమూ జరగలేదు. ఆవిడ మాత్రం బాధపడలేదు. “మేం ఇంకా చిన్నవాళ్ళం, తొందరేం లేదు,” అంది, డెబ్బై అయిదేళ్ళ మనిషి.

మరుసటి ఏడాది నా కాంట్రాక్టు అయిపోయి, కొత్త ఉద్యోగానికి ఆర్కన్సాలోని బెంటన్‌విల్ వచ్చేశాను. ఆదివారాలు వాళ్ళకు ఫోన్ చేస్తాను. మొన్న చెల్లెలు వాపోయింది. వాళ్ళన్న రోజూ పొద్దున్నే కూటమి సభ్యుల ప్రసంగాలు ఇంటర్నెట్లో విని, తప్పులు పేపర్ మీద రాసుకుని, టిఫిన్ దగ్గర ఆవిడకు అప్పజెబుతున్నాడట. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క ప్రసంగం కూడా పూర్తిగా వినలేదు.

“ఇళ్ళ అద్దెల మీద వాళ్ళ బిల్లు చూశావా?” అంటూ ఆయన ఫోన్ లాక్కున్నారు. “మూడో పేజీలో తప్పుంది.”

నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఉతికిన బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టాను.