వెనక సీటు

అరవై రెండో, అరవై మూడో, సరిగ్గా గుర్తులేదు. ఒక బియ్యం మిల్లు యజమాని వాడి వాడి విసిగిపోయిన మోటారు సైకిలు కొన్నాను. ఇందుకూరుపేట పక్కనున్న మా ఊరి నుంచి నెల్లూరులో నేను పాఠాలు చెప్పే బడికి రోజూ దానిమీదే వెళ్లేవాణ్ణి. మా వైపు అయ్యవార్లలో మోటారు సైకిలున్నది నాకొక్కడికే. ఆ గొప్ప నా నడకలో కూడా తెలిసిపోతోందని మా ఆవిడ ఎత్తిపొడిచేది.

ఎండాకాలంలో బండి బుద్ధిగానే ఉండేది. మార్గశిరం వచ్చిందంటే మొండికేసేది. రాత్రంతా మంచుకు తడిసి, పొద్దున ఎంత తన్నినా పలికేది కాదు. ప్లగ్గు ఊడదీసి, టీ అంగడి పొయ్యి దగ్గర వెచ్చబెట్టి తెచ్చి బిగించేవాణ్ణి. కిక్కరు ఎదురుతన్ని కాలు వాచిన రోజులున్నాయి. చివరికి ఎవరో ఒకరు తోయాల్సిందే.

తోసేది చేపలమ్మే ఒక అక్క. సముద్రం ఒడ్డున ఉన్న పాళెం నుంచి గంప నెత్తిన పెట్టుకుని ఆ వేళకే మా ఊళ్లోకి వచ్చేది. నా అవస్థ చూసి గంప దించి, కొంగు నడుముకు దోపి, వెనక సీటు మీద రెండు చేతులూ ఆనించి తోసేది. "రెండో గేరులో పెట్టుకో అయ్యోరా" అని నాకే నేర్పేది. ఇంజను అందుకోగానే నేను దూసుకుపోయేవాణ్ణి. ఆపితే మళ్లీ ఆగిపోతుందని భయం. అందుకే ఆ చలికాలమంతా ఆమెతో ఒక్క మంచి మాటైనా అనలేదు. చెయ్యి ఊపేవాణ్ణి, అంతే.

ఆ తర్వాత దారి మాత్రం ఎంత హాయిగా ఉండేదో! చొక్కా లోపల చలికి అడ్డంగా పాత పేపర్లు, కాళ్లకు ఇంజను వెచ్చదనం, సరుగుడు తోటల సందుల్లోంచి లేత ఎండ. గాలికి కళ్లలో నీళ్లు కారి చెవుల్లోకి పోయేవి. క్రిస్మస్ పాటలు గొంతెత్తి పాడేవాణ్ణి. వినడానికి పొలాల్లో కొంగలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు.

పండుగ ముందు వారం, మా బడికి పై అధికారి తనిఖీకి వస్తాడన్నారు. ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు వేసుకున్నాను. ఆ రోజు బండి ఒక్క తన్నుకే పలికింది. టీ అంగడి ముందు ఆ అక్క ఎదురొచ్చింది. నెత్తిన గంప లేదు.

"అయ్యోరా, మా బిడ్డకి నొప్పులొచ్చినాయంట. నెల్లూరు ఆసుపత్రిలో చేర్చినారంట. తొలి కాన్పు. బస్సు చూస్తే రాలా. నన్ను ఎనక కూర్చోబెట్టుకోని పోతావా?"

ఆమె చీర నుంచి నీచు వాసన గుప్పుమంది. నా తెల్ల చొక్కా గుర్తొచ్చింది. బడి గేటు దగ్గర పిల్లల నవ్వులు అప్పుడే వినబడినట్టయింది.

"వెనక సీటు వదులైపోయిందక్కా. ఊడిందంటే ఇద్దరం పడతాం" అన్నాను.

"అట్టయితే వద్దులే. నువ్వు జాగర్తగా పో అయ్యోరా" అంది.

సీటు బ్రహ్మాండంగా ఉంది. నేనే పనికిమాలినవాణ్ణి. ఆ రోజు దారిలో ఒక్క పాటా నోటికి రాలేదు. తనిఖీకి వస్తానన్న పెద్దమనిషీ రాలేదు.

నాలుగైదు రోజుల తర్వాత బండి మళ్లీ మొరాయించింది. ఆమె వచ్చి గంప దించింది. కూతురెలా ఉందని అడిగాను.

"ఆడబిడ్డ పుట్టింది. ఇద్దరూ బాగుండారు. నేను నడిచి, ఆడాడ ఎద్దులబండెక్కి, పొయ్యేసరికి మద్యాన్నం దాటింది. నొప్పులు పడినంతసేపూ అమ్మ ఏదీ, అమ్మ రాలేదా అని ఒకటే ఏడుపంట పిచ్చిది."

నవ్వుతూనే చెప్పింది. నాకు తలెత్తి చూడాలంటే సిగ్గేసింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలోనే ఆమె తోయడానికి వంగింది. ఎప్పటిలా సీటు మీద చేతులు ఆనించలేదు. ఇంకా కిందికి వంగి, బురద పట్టిన ఇనప కమ్మీని పట్టుకుంది.

"అక్కడెందుకక్కా?" అన్నాను.

"సీటు వదులన్నావు గదయ్యా. నేను తోస్తే ఊడిపోతాదేమో."

ఆమె తోసింది. ఇంజను అందుకుంది. ఆపితే ఆగిపోతుందని నేను ఆపలేదు.

ఆగిపోతే పోయేది. ఆ రోజైనా ఆపాల్సింది.