మాణిక్యమ్మ చేతుల్లో ఊపిరి

లాల్‌దర్వాజాలో పరుపులు కుట్టే మాణిక్యమ్మకు దవాఖాన అంటే చచ్చేంత భయం. పెనిమిటి పోయింది దవాఖానలోనే. పొద్దున నవ్వుకుంటూ లోపలికి నడిచిపోయిన మనిషిని సాయంత్రం గుడ్డ కప్పి బయటికి తెచ్చారు. అప్పటినుంచి జ్వరమొస్తే కషాయం, పన్ను సలిపితే లవంగం. కోడలు ప్రసవానికి పోయినప్పుడు కూడా గేటు బయట చాయ్ బండి దగ్గరే కూర్చుంది. మనవరాలు ఇంటికొచ్చాకే మొహం చూసింది.

అట్లాంటి మనిషిని దవాఖానకు పంపింది గుండయ్య సేటు. ఆమె కుట్టే పరుపులకు బట్ట ఇచ్చేది ఆయన దుకాణమే. ఆయన అన్న కూతురు స్రవ్య డాక్టరు. వికారాబాద్ దాటి చాలా లోపల ఒక పల్లెలో, దాతలిచ్చేదాంతో ఈడ్చుకొస్తున్న చిన్న దవాఖానలో పనిచేస్తుంది. బోనాలకు ఇంటికొచ్చినప్పుడు బాధపడింది. "కాకా, మా దగ్గర రోగులు ఇనుప మంచాల మీద గోనెసంచులు పరుచుకొని పంటున్నరు."

దూదీ బట్టా తాను ఇస్తానన్నాడు గుండయ్య. కుట్టుకూలి వద్దంది మాణిక్యమ్మ. కుట్టినన్నాళ్లూ ఏ దిగులూ లేదు. "మంచాలకు సరిగ్గ పడ్డయో లేదో నువ్వే పోయి చూసి రా అక్కా" అని గుండయ్య అనేసరికి ఆమెకు భయం పట్టుకుంది.

"నేను గేటు కాడనే ఉంట సేటు."

"ఉండు. ఎవరు వద్దన్నరు?"

టెంపోను సేటు దుకాణంలో పనిచేసే నందు నడిపాడు. దారిలో వాగు మీది కల్వర్టును నీళ్లు తాకుతున్నాయి. దవాఖాన చేరి పరుపులు దించాక, వాగు చూసొస్తానని నందు వెనక్కి పోయాడు. మాణిక్యమ్మ గేటు దగ్గర నిలబడింది గానీ వాన ఆమెను నిలబడనీయలేదు. కొంగు నెత్తిన కప్పుకొని వరండాలోకి ఉరికింది.

ఇంతలోనే ఒక మోటరుసైకిలు వచ్చింది. నడిపేవాడికీ వెనక కూర్చున్న ఆడమనిషికీ మధ్య ఒక మనిషి తల వాల్చేసి ఉన్నాడు. పేరు మొగులయ్య. పత్తిచేనులో కలుపు తీస్తుంటే నాగుపాము కాలిమీద కాటేసింది. దిగి నాలుగడుగులు తనే వేశాడు. ఏదో చెప్పబోతే నాలుక తిరగలేదు. రెప్పలు వాలిపోయాయి. మాణిక్యమ్మ ముందే కుప్పకూలాడు.

ఆ తర్వాత అంతా కేకలే. స్రవ్య అతని గొంతులోకి గొట్టం దింపింది. నర్సు గీతాంజలి విషానికి విరుగుడు మందు ఎక్కించింది. మందు పనిచేసేదాకా ఊపిరి తనంతట తాను ఆడదు. ఊపిరి పోసే మిషను ఆ దవాఖానలో లేదు. గొట్టానికి తగిలించిన రబ్బరు సంచిని చేత్తో ఒత్తాలి. అంబులెన్సు వాగు అవతలే ఆగిపోయింది. పక్క గదిలో కాన్పుకొచ్చిన ఇంకొకామెకు నొప్పులు ముదిరాయి, బిడ్డ అడ్డం తిరిగింది. మొగులయ్య భార్య గోడ పక్కన స్పృహ తప్పింది. మోటరుసైకిలు నడిపొచ్చిన అతని తమ్ముడి చేతులు గజగజ వణుకుతున్నాయి.

స్రవ్య వరండా వైపు చూసింది. "అమ్మా, మీరు రండి."

"నాతోని కాదు బిడ్డా. నాకు దవాఖానంటేనే..."

"ఎవరూ లేరమ్మా! రండి!"

ఎట్లా లోపలికి పోయిందో ఆమెకు తర్వాత గుర్తు లేదు. చేతిలో మెత్తటి సంచి ఉంది. ఒత్తితే మొగులయ్య రొమ్ము పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. భయంతో గబగబా ఒత్తింది.

"గంత తొందరొద్దు! మీరు నిమ్మళంగ ఊపిరి తీసుకోండి. తీసుకున్నప్పుడల్లా ఒకసారి ఒత్తండి" అని అరిచి స్రవ్య పక్క గదిలోకి ఉరికింది.

నిమ్మళం ఎక్కడిది? తాను ఊపిరి బిగబడితే అతనికీ ఆడదు. కళ్లు మూసుకొని లోపలికి పీల్చింది, ఒత్తింది. వదిలింది. మళ్లీ పీల్చింది.

"ఈయనకు తెలివి ఉన్నదమ్మా" అంది గీతాంజలి, సీసా మారుస్తూ. "రెప్ప లేపలేడు గానీ అన్నీ వినిపిస్తయి."

మాణిక్యమ్మ అతని మొహం వైపు చూసింది. మూసిన కంటి కొస నుంచి నీటి చుక్క చెవి వైపు జారుతోంది. శవం లాంటి ఆ ఒంట్లో ఒక మనిషి మేలుకొని ఉన్నాడు, తన చెయ్యి ఎప్పుడు ఆగుతుందోనని వింటున్నాడు.

"మొగులయ్యా" అంది, ఒత్తడం ఆపకుండా. "నా పేరు మాణిక్యమ్మ. మాది పట్నం. నాకు గూడ మస్తు భయమైతుంది. ఇడిసిపెట్టి పోనులే. నువ్వు గూడ పోకు."

కరెంటు పోయింది. వేళ్లు కొంకర్లు పోతే గీతాంజలి కాసేపు అందుకుంది, మళ్లీ ఆమెకే ఇచ్చి మందుల గదికి పరుగెత్తింది. మాణిక్యమ్మ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. వాన గురించి, మనవరాలి గురించి, ఏమీ తోచకపోతే ఊరికే అతని పేరు. పక్క గదిలో పసిబిడ్డ ఏడ్పు వినబడ్డప్పుడు ఉలిక్కిపడి ఒక ఒత్తు తప్పింది. చచ్చిపోయాడనుకుంది. అతని మొహం చూడడానికి ధైర్యం చాలక రొమ్మునే చూసింది.

వెలుగు తగ్గుతుండగా ఆ రొమ్ము, ఆమె ఒత్తకముందే, కొంచెం కదిలింది. తర్వాత అతని బొటనవేలు పరుపు బట్టను గీరింది.

"అక్కా!" అని కేక పెట్టింది మాణిక్యమ్మ, కూతురంత ఉన్న నర్సును పట్టుకొని.

వాగు తగ్గాక అంబులెన్సు అతన్ని తీసుకుపోయింది. బతికాడు. తల్లీ బిడ్డా కూడా బతికారు.

నందు టెంపోలో ఇంటికొచ్చాక మాణిక్యమ్మ చాలా రోజులు దబ్బనం పట్టలేకపోయింది. నిద్రలో చేతులు ఒత్తుతూనే ఉండేవి. గుండయ్య పిలిపించి, గల్లీ వ్యాపారులందరి ముందు జరిగింది చెప్పమన్నాడు. అంతమంది మగవాళ్ల ముందు మాట్లాడడం ఆమెకు అలవాటు లేదు.

"మీరు నన్ను మెచ్చుకుంటున్నరు" అంది చివరికి. "నా చెయ్యి జారితే ఆయన సచ్చిపోతుండె సేటు. దవాఖానల మనిషి పానం పరుపులు కుట్టేదాని చేతుల పెట్టేదేనా? పరుపులిచ్చి పుణ్యమొచ్చిందనుకున్నం. గాలి పోసే మిషను లేదక్కడ."

గుండయ్య మొదట తన వంతు చెప్పాడు. తర్వాత ఒక్కొక్కరే మిషను కోసం తామిచ్చే డబ్బు చెప్పారు. దసరా కన్నా ముందే మిషను పోయింది, దాంతోపాటు కరెంటు పోయినా నడిపే బ్యాటరీ కూడా.

దాన్ని చూడడానికి మాణిక్యమ్మ పోయిన రోజు మొగులయ్య సద్ద రొట్టెలు మూట కట్టుకొని వచ్చాడు. మూట ఆమె చేతిలో పెట్టాడు.

"నీకు గూడ భయమైతుందన్నవు గద అవ్వా. అది విన్నంక నేను ఒక్కన్ని గాదనిపించింది."

మాణిక్యమ్మ చెయ్యి చాచి మిషనును తాకింది. ఆ గదిలో నిలబడ్డంతసేపూ ఆమె కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. మొగులయ్య అది గమనించి ఒక స్టూలు తెచ్చి వేశాడు. ఇద్దరూ మిషను పక్కనే కూర్చొని రొట్టెలు తిన్నారు.