మా ఇంటి కుర్రాడి తొలి గోల్

ఆస్ట్రేలియాలో, టార్నీట్ అనే ఊళ్లో మా ఇంటి వెనక గదిలో అద్దెకు దిగిన కుర్రాడు ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఫుట్‌బాల్ ఆటగాడు. ఇరవై ఏళ్లుంటాయి. ఇక్కడి క్లబ్‌తో కుదిరిందే అతని మొదటి కాంట్రాక్టు. వచ్చిన రెండు నెలలూ బెంచీ మీదే కూర్చున్నాడు. మ్యాచ్ ఉన్న రోజు ఇంటికొచ్చి, నేను పెట్టిన పప్పన్నం తిని తన గదిలోకి వెళ్లిపోయేవాడు.

ఒక శనివారం పొద్దున వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. "ఆంటీ, ఈరోజు మొదటినుంచీ నన్ను ఆడిస్తారట! మీరు రావాలి," అన్నాడు ఇంగ్లీషులో.

నేనూ మా ఆయనా వెళ్లాం. నాకు ఆట రూల్స్ తెలియవు. సెకండాఫ్‌లో మూల నుంచి ఎగిరొచ్చిన బంతిని అతను తలతో కొట్టాడు. అది నేరుగా వలలో పడింది.

"కొట్టాడండీ! మనవాడే కొట్టాడు!" అని తెలుగులో అరుస్తూ గంతులేశాను.

"కూర్చోవే, అందరూ చూస్తున్నారు," అంటూనే మా ఆయన కూడా లేచి ఈల వేశారు.

ఆట అయ్యాక అతను చెమటలతోనే మా దగ్గరికొచ్చి, వాళ్లమ్మకు వీడియో కాల్ చేశాడు. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. ఆవిడ ఏడుస్తూ నవ్వుతోంది. ఫోన్ నా చేతికిచ్చాడు. ఆవిడ యాస నాకు సగం అర్థం కాలేదు, నాది ఆవిడకూ అంతే. "బాగా తింటున్నాడా?" అన్న మాట మాత్రం తెలిసింది.

"మూడుసార్లు వడ్డించుకుంటాడమ్మా," అన్నాను ఇంగ్లీషులో. అందరం పగలబడి నవ్వాం.