మస్కట్ బడితో నేనాడిన బేరం

మొన్న మా మనవరాలు ముందుగదిలో తలుపేసుకుని, ఏదో విదేశపు ఇంటర్నేషనల్ స్కూలు వాళ్లతో ఫోనులోనే అరగంట మాట్లాడి, టీచరు ఉద్యోగం సంపాదించుకుని బయటికొచ్చింది. అంతకుముందే ఇంకో దేశపు స్కూలు కూడా రమ్మందట. "తాతా, రెండిట్ల ఏదానికి పోవాలె?" అని నన్నడిగింది. వంకాయల దగ్గర్నుంచి పెండ్లి సంబంధాల దాకా అడగకపోయినా సలహాలిచ్చే నేను, నాకు తెల్వదు బిడ్డా అని లేచి పెరట్లోకి పోయాను. ఇంట్లోవాళ్లు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు.

ఎందుకు తప్పించుకున్నానో నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు. మాది కామారెడ్డిలో బట్టల దుకాణం. ధర నచ్చని గిరాకీ లేచి, మెట్టు దిగి, చెప్పుల్లో ఒక కాలు పెట్టి రెండో కాలు కావాలనే ఆలస్యం చేసేవాడు. అది కూడా చెప్పులో పడేలోపు మా బాపు "అరె, ఎటువోతున్నరు, రాండ్రి" అని పిలిచేవాడు. పిలుస్తాడని అతనికీ తెలుసు, అందుకే లేచాడని బాపుకూ తెలుసు. ఈ విద్యలో మద్నూరు నుంచి పెండ్లి బట్టలకు వచ్చే మరాఠీ రైతులు ఆరితేరినవాళ్లు. వాళ్లను చూసి నేర్చుకుని, పాతికేళ్లు నిండకముందే బజారులో నన్ను మించినవాడు లేడని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరే మా అక్కను ముంచింది.

అక్క నాకన్నా ఐదేళ్లు పెద్ద. పెండ్లయిన రెండేళ్లకే బావ పోతే పుట్టింటికొచ్చి, దుకాణం వెనక గదిలో బట్టల మూటల నడుమ సర్దుకుని, ప్రైవేటుగా బి.ఎడ్. దాకా చదివి, రోజూ బస్సులో ఎల్లారెడ్డి పోయి ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. ఎనభైల నడుమ ఒక ఏడు ఆమెకు రెండు కొలువులు ఒకేసారి వచ్చాయి. ఒకటి నాగిరెడ్డిపేట వైపు సర్కారు బడిలో. రెండోది మస్కట్‌లోని ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో. ఆ స్కూలువాళ్లు హైదరాబాదులో ఆమెను పరీక్షించి, నచ్చి, నెల తర్వాత సంతకానికి మళ్లీ రమ్మన్నారు. సర్కారు కొలువు చేతులారా వదులుకుంటావా అని బాపు మొత్తుకున్నాడు, మమ్మల్ని కన్న అవ్వ అన్నం మానేసింది. అక్కది ఒకటే మాట: "ఆడ నాకంటు ఒక అర్ర ఇస్తరంటనే అవ్వా." అలా సొంత గది కోసం మస్కట్‌నే ఎంచుకుని, సర్కారు కొలువులో చేరే గడువు దాటిపోనిచ్చింది.

సంతకానికి ఆడమనిషి ఒంటరిగా హైదరాబాదు ఎట్లా పోతుందని నన్ను తోడు పంపారు. బస్సులోనే అక్క నా చెయ్యి పట్టుకుని, "తమ్మీ, నీకు దండం పెడత, ఆడ బేరం చెయ్యకు" అంది. సరేనన్నాను. సరేనన్నప్పుడు నిజంగానే అన్నాను.

హోటలు గదిలో ఆ స్కూలు పెద్దాయన కాగితాలు చదివి వినిపించాడు. రెండేళ్లకొకసారి ఇంటికి వచ్చిపోయే విమానం టికెట్టు ఇస్తామన్న దగ్గర నా నాలుక ఆగలేదు. ఏడాదికొకసారి కావాలన్నాను. కుదరదని నవ్వాడు. ఆ నవ్వు అచ్చం మా బాపు నవ్వులా కనిపించింది నాకు, నా బుద్ధికి అంతకంటే ఏం కనిపిస్తుంది. లేచి "పా అక్కా" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. పిలుస్తారని కళ్లతోనే సైగ చేశాను. నా బేరం ఎన్నడూ వట్టిపోదని ఇంటిల్లిపాదీ అనగా ఏళ్ల తరబడి విన్న మనిషి, చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టి లేచింది.

వరండాలో వీలైనంత మెల్లగా నడిచాము. ఎవరూ పిలవలేదు. "జర ఆగక్కా, పిలుస్తరు" అంటూనే ఉన్నాను, అదే కొలువు కోసం బెంచీ మీద కూర్చున్న ఇంకొకామె లోపలికి పోయి కవరు పట్టుకుని బయటికొచ్చేదాకా. అప్పుడు పరుగెత్తి, టికెట్టే వద్దు, ఏదిస్తే అదే చాలునన్నాను. మీరు వద్దని వెళ్లారు కదా, ఉన్న ఒక్క ఖాళీ నిండిపోయిందని ఆయన మర్యాదగానే చెప్పాడు. ఆయన ఏ దుకాణంలోనూ పెరగలేదు. లేచి వెళ్లినవాళ్లు వెళ్లినట్టేనని అనుకున్నాడు, అంతే.

తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే అక్కే నన్ను ఊరుకోబెట్టింది. "ఊకో తమ్మీ. నా మంచికనే చేసినవ్." తిట్టి ఉంటే ఏదో ఒకనాటికి మరిచిపోయేవాణ్ణి.

సర్కారు కొలువు మళ్లీ రాలేదు, వయసు దాటింది. ఆ తర్వాత పాతికేళ్లు అదే ఎల్లారెడ్డి బస్సు, అదే ప్రైవేటు బడి, రాత్రికి అదే వెనక గది. నేను మూటలు తీయించినప్పుడల్లా పెండ్లిళ్ల సరుకొచ్చి మళ్లీ అక్కడికే చేరేది, ఆమే మంచం గోడకు జరుపుకుని చోటిచ్చేది. ఆ మంచం మీదే పోయింది.

ఇప్పుడు మా వైపు ఆడపిల్లలు ఒక్కరే విమానమెక్కి పోయి ఎక్కడెక్కడో పాఠాలు చెబుతున్నారు, ఎవరూ వింతగా చూడరు. మా కాలంలో మగతోడు లేనిదే ఆడపిల్ల ఊరు దాటేదా, ఎంత భద్రంగా చూసుకునేవాళ్లమని నా తోటివాళ్లు అరుగుల మీద గొప్పగా చెప్పుకుంటుంటే నేను తల వంచుకుని వింటాను. ఆ రోజు అక్క ఒక్కతే పోయి ఉంటే సంతకం చేసి వచ్చేది.