ఇంజను మీద నా టోకెన్ నంబరు

ఖరగ్‌పూర్ వెయిటింగు రూములో పక్కన కూర్చున్న మనిషి నా ఫోనులో పాత కారు ఫొటో చూసి తెలుగులో పలకరించాడు. చవగ్గా కొట్టేయడానికొచ్చిన దళారీ అని నా అనుమానం. తుక్కు కిందకి పోకుండా దాన్ని వింటేజ్ కారుగా రిజిస్టరు చేయించుకోవాలని నా ఆరాటం.

“యాభై ఏళ్లు దాటినాది. ఇంకేటి కావాల?” అన్నాను.

“వయసుంటే సాలదు బాబాయ్. పుట్టినప్పటి ఇంజను, ఛాసిస్ మారకుండా ఉండాల. ఇంజను నంబరు సూపించు.”

చూపించాను. రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసి, “పక్కన ఈ అంకెలేటి?” అన్నాడు.

“రైల్వే వర్క్‌షాపులో నా టోకెన్ నంబరు. ఏ పని ముగించినా దాని మీద పంచ్ కొట్టేవోళ్లం. ఈ ఇంజను నేనే విప్పి బాగుచేసినాను, అలవాటుగా దీని మీదా కొట్టినాను.”

అతను ఫోను నా చేతిలో పెట్టి, మా ఇద్దరి మధ్య ఉన్న తన సంచీ తీసి అవతల పెట్టుకున్నాడు.

ముప్పై ఏళ్లు ఆ నంబరు మీద జీతం తీసుకున్న నన్ను, నంబరు మార్చిన బండి దొంగ అనుకున్నాడు! ఒళ్లు మండింది. మరి నేనతన్ని ఏమనుకున్నాను?

వింటేజ్ కాయితాలు ఇంకా రాలేదు. ఆఫీసువాళ్లకీ అదే అనుమానం వస్తుందని, ఆ అంకెలు అరగదీసెయ్యమని మావాళ్లు పోరుతున్నారు. అరగదియ్యను. ఆ పని చేస్తే అతను అనుకున్నవాణ్నే అవుతాను.