కవరు తీయని కంప్యూటర్

ఐలేశ్ కొన్న వస్తువుకు కవరు తీయడు. బండి సీటు మీద షోరూం వాళ్ళు వేసిన ప్లాస్టిక్ ఎండకు పేలికలైనా అలాగే ఉంటుంది. టీవీ రిమోట్ కవరులోనే ముసలిదైంది. కొత్తదనం పోకూడదట. కేసముద్రం స్టేషన్ రోడ్డులో అతనికి ఫోటో స్టూడియో ఉంది. అక్కడ పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసేది నేను, పద్మలతను. ఇలాంటి మనిషి దగ్గర ఇన్నాళ్ళు పనిచేసినందుకు నా మీద నాకే చిరాకు.

పాత కంప్యూటర్ నత్తనడక నడిచేది గానీ ఎన్నడూ ఆగలేదు. దాన్ని అమ్మేసి, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతోనే ఫాస్ట్ కంప్యూటర్ తనే బిగిస్తానని బయల్దేరాడు. ర్యామ్ ఎక్కువ వేయించమని మొత్తుకున్నాను.

"ర్యామ్ ఎవలికి కనవడ్తది పద్మా?" అన్నాడు.

కనబడేవన్నీ కొన్నాడు. అద్దాల డబ్బా, రంగులు మారే ఫ్యాన్లు, పెద్ద స్క్రీన్. ప్రాసెసర్ మాత్రం హైదరాబాదులో ఎవరో వాడి వదిలించుకున్నది. యూట్యూబ్‌లో సగం వీడియో చూసి, అంతా తెలిసిపోయిందని ఫోన్ పక్కన పడేసి బిగించాడు. బొట్లు పెట్టాడు, నిమ్మకాయ కట్టాడు. వచ్చిన గిరాకీలు ఆ రంగులకు నోళ్ళు తెరుస్తుంటే పెళ్ళికొడుకులా మురిసిపోయాడు. అంత సంబరం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

ఇంతలో మార్కెట్ యార్డు హమాలీ పోశయ్య భార్య చిలుకమ్మ చనిపోయింది. ఆమెకు సరైన ఫోటో ఒక్కటీ లేదు. చుట్టాల పెళ్ళిళ్ళకు మేం తీసిన వీడియోల్లో ఆమె కనబడే చోట్లన్నీ ఏరి ఒక్కటిగా చేసి ఇవ్వమన్నాడు. పెద్దకర్మ నాడు అందరి ముందూ వేస్తాడట. ఏరడం అయిపోయింది. తెల్లారితే పెద్దకర్మ అనగా వీడియోను ఫైలుగా బయటికి తీయబోతే కంప్యూటర్ టక్కున ఆగిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఆగింది.

"నీ చెయ్యి మంచిగ లేదు," అన్నాడు ఐలేశ్. తర్వాత కరెంటును తిట్టాడు. దిష్టి తగిలిందని నిమ్మకాయ మార్చాడు. తన బిగింపును తప్ప అన్నిటినీ అనుమానించాడు.

ఆ రోజు మధ్యాహ్నమే పోశయ్య మూటలు దించిన తువ్వాలతోనే వచ్చాడు. సంగతి చెప్పే ధైర్యం లేక, ఎడిటింగ్‌లో ఉన్న చిలుకమ్మ బొమ్మ చూపించాను.

"గిదేంది బిడ్డా, మసక మసక అగుపడుతంది?"

"పాత వీడియో బాపు, గట్లనే ఉంటది," అని ఐలేశ్ అడ్డొచ్చాడు.

పోశయ్య వినలేదు. స్క్రీన్ మూలను గోటితో గీకి, అంచు దొరకగానే సర్రున లాగాడు. ఐలేశ్ ప్రాణంలా కాపాడుకుంటున్న ప్లాస్టిక్ మొత్తం ఊడొచ్చింది.

"అయ్యో, కొత్తది బాపు," అని మూలిగాడు ఐలేశ్.

అప్పుడు వెలిగింది నాకు. "అన్నా, ప్రాసెసర్ మీద బిగించిన ఫ్యానుకు అడుగున గూడ కవర్ ఉంటది. తీసినవా?"

"కొత్తదానికి ఎవడన్న తీస్తడా?"

స్క్రూలు విప్పాను. వేడి పైకి పోవలసిన చోటనే ప్లాస్టిక్ ముక్క పరిచి ఉంది. తీసేసి బిగించమని దాని మీదే రాసి ఉంది. ప్రాసెసర్ ఉడికిపోయి ఆగక ఏం చేస్తుంది? అసహ్యం వేసింది. ఆ ముక్క పీకేసి, వేడిని లాగే పేస్టు మిగిలింది ఉంటే రాసి మళ్ళీ బిగించాను. ఈసారి కంప్యూటర్ ఆగలేదు.

పోశయ్యకు వీడియో మొత్తం వేసి చూపించాను. ఒక పెళ్ళిలో చిలుకమ్మ వడ్డిస్తోంది. ఇంకో పెళ్ళిలో అప్పగింతలకు ఏడుస్తోంది. చివర్లో కెమెరాను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వీడియో అయిపోయి, ఆ బొమ్మ స్క్రీన్ మీద అలాగే నిలిచిపోయింది.

వెనకాల ఐలేశ్, స్క్రీన్ ప్లాస్టిక్‌ను శుభ్రంగా తుడిచి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"అయిపాయె గద బాపు. జర జరుగు, కవర్ అంటిస్త."

పోశయ్య కదల్లేదు.

"ఆగు కొడుకా. ఇంకా నవ్వుతనే ఉన్నది."